పేకముక్కల పరామర్శ

చావు జరిగిన యింటికి మొదట వచ్చువాడు బంధువు, రెండవవాడు అప్పులవాడు, మూడవవాడు జోస్యుడు. మొదటి యిద్దరును తమ పని ముగిసిన పిదప వెడలిపోవుదురు. మూడవవాడు వెడలడు. ఆ యింట దుఃఖ మెంతకాలము నిలుచునో అంతకాలము వానికి జీవనము దొరకును గనుక, దుఃఖము నిలుచుటయే వానికి లాభము. వాని వేషము మాత్రము కాలమునుబట్టి మారుచుండును. మన తాతలనాడు తెల్లవారుజామున డమరుకము మ్రోగించుచు బుడబుక్కలవాడై వచ్చెను. బుట్టయు బెత్తమును పట్టుకొని సోదె చెప్పెదనని యెరుకలసానియై వచ్చెను. రచ్చకట్టపై చిలుక పంజరము పెట్టుకొని కూర్చుండెను. నేడు చేతిలోని ఫోనులో, చిన్న దీపపు వెలుగున, నల్లని పట్టుగుడ్డపై 78 రంగుబొమ్మల చీట్లు పరచుకొని ప్రత్యక్షమగుచున్నాడు. ఈ క్రొత్త విద్య పేరు టారో.

పాత జోస్యుడు “జరుగబోవునది చెప్పెద” ననువాడు. క్రొత్తవాడు చదువుకొన్నవారితో మాటలాడుచున్నాడు గనుక మాట మార్చినాడు. “భవిష్యత్తు నాకు తెలియదు. మీ దుఃఖమునకు అర్థమేమో, పోయినవారు మీకేమి చెప్పదలచిరో, ఈ చీట్లు చూపును” అని యాతడనును. వినుటకిది వినయముగ నున్నది. పాతవాని మాట అబద్ధమైనచో నాలుగు నెలలలో బయటపడును. ఈ క్రొత్తమాట ఎన్నటికిని బయటపడదు. దానిని పరీక్షించుటకు వీలు లేకుండ అల్లినారు. మా వాదము ఈ మాటతోనే.

ఇది హైదరాబాదు, బెంగుళూరు నగరముల వేడుక, మన పట్టణములకేమి యని కొందరు తలంపవచ్చును. గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన జిల్లా కేంద్రములైనవి. జిల్లాలు క్రొత్తవైనను ఈ సీమ బ్రతుకు పాతదే. పాలమూరు కూలి యను మాట దేశమంతట వినబడినది. ఆనకట్టలు కట్టుటకు, కాలువలు త్రవ్వుటకు మనవారు తరతరములుగ వలసపోయిరి. నేడు వారి పిల్లలు చదువులకును ఉద్యోగములకును పోవుచున్నారు. ఇల్లొకచోట, బ్రతుకు మరియొకచోట. కనుక చావువార్త ఫోనులోనే వచ్చును. దూరపు బంధువుల పరామర్శయు ఫోనులోనే జరుగును. వారందరును ఫోను పెట్టివేసిన తరువాత, నడిరేయి నిద్రపట్టని తల్లి ఆ ఫోనునే మరల తెరచును. అక్కడ చీట్లు సిద్ధముగ నుండును. ఒకటి చూచినవారికి అటువంటివే పది చూపుట ఆ యంత్రపు స్వభావము. “ఈ మాట నీ కంటబడినదన్న, నీకొరకే పంపబడినదని తెలిసికొనుము” అని చీట్లామె మొదటనే చెప్పును. ఆ మాట అదే గడియలో వేలమందికి పోవుచున్న సంగతి తల్లికి తోచదు.

మేమెరిగిన యొక యిల్లాలి సంగతి చెప్పెదము. ఆమె పదవతరగతి వరకు చదువుకొన్నది. ఇంటి జమాఖర్చులు స్వయముగ వ్రాయును. పెద్దకుమారుడు రెండేండ్ల క్రిందట మోటారుసైకిలు ప్రమాదమున పోయినాడు. చిన్నవాడు మా విద్యార్థి. వాని పైచదువునకు బ్యాంకు అప్పు విషయమై ఆమె లెక్కల పుస్తకము మాకు చూపుటకు తెచ్చెను. అందు ప్రతినెలయు “పెద్దోడు” అను పద్దు క్రింద ఖర్చు కనబడుచుండెను. ఒక నెల 300 రూపాయలు, ఒక నెల 500, ఒకచోట 1,100. పోయినవాని పేరిట ఈ ఖర్చేమని మేమడిగితిమి. “వాని మాట వినిపిస్తదంటే చీట్లామెకు ఇచ్చిన సారూ” అని ఆమె చెప్పెను. వాడేమనుచున్నాడని అడిగితిమి. “మమ్మీ, ఏడ్వకు, నేను మంచిగున్న అంటున్నడంట” అనెను. కొంతసేపూరకుండి మరల తానే అనెను: “వాడు నన్ను ఎన్నడు మమ్మీ అనలే సారూ. అవ్వా అనేటోడు.” అట్లయిన ఇది వాని మాట కాదని నీకు తెలిసినదే గదా తల్లీ యంటిమి. ఆమె యిచ్చిన ప్రత్యుత్తరము మేము మరువజాలము. “తెల్సు సారూ. గని ఆమె తప్ప వాని ముచ్చట ఇంకెవరు తీస్తున్నరు?”

చదువరులారా, ఆ తల్లి మోసపోయినదని మనమనుకొనుట తేలిక. ఆమె మోసపోలేదు. తన కుమారుని పేరు మరియొకరి నోట వినవలెనని ఆమెకు కోరిక. ఆ పేరు ఇరుగుపొరుగువారు పలుకుట మానిరి. బాధ కలుగునేమో యని బంధువులు మానిరి. భర్త తన బాధ దాచుకొనుటకు మానెను. మనమందరము ఉచితముగ ఇయ్యవలసిన దానిని ఇయ్యకపోగా, ఆమె అంగడిలో కొనుక్కొనినది. దోషము చీట్లలో సగము, మన మౌనములో సగము. ఈ రెండు సగములనుగూర్చియు మేమిందు చెప్పవలసియున్నది.

మొదట చీట్ల సంగతి. టారో యనునది 15వ శతాబ్దమున ఇటలీదేశపు ఉత్తరభాగమున పుట్టిన పేకాట. నాలుగు జాతుల ముక్కలు 56, వానిని కోయుటకు తురుపులవంటి బొమ్మముక్కలు 22, వెరసి 78. మన దేశమున దశావతారముల బొమ్మలతో 120 చీట్ల గంజీఫా ఆడినట్లే, మన నిర్మలలో చిత్రకారులు గంజీఫా చీట్లు వ్రాసినట్లే, అక్కడ ప్రభువులు ఈ ముక్కలు వ్రాయించి యాడిరి. సుమారు మూడువందల యేండ్లు ఇది ముఖ్యముగ ఆటయే. 1781లో ఫ్రాన్సుదేశమున కూర్ ద జెబెలాను అను పండితుడు ఇవి ప్రాచీన ఈజిప్టు గురువులు దాచిపెట్టిన జ్ఞానగ్రంథపు పుటలని ప్రకటించెను. ఈజిప్టు చిత్రలిపిని షాంపోలియన్ విప్పి చదువగలిగినది 1822లో. అనగా ఆ లిపిలో ఒక్క వాక్యమైనను చదువ నెవరికిని చేతగాని కాలమున, ఆ గురువుల రహస్యము మాత్రము ఈయనకు తెలిసినదన్నమాట! పిమ్మట ఎత్తెయా అని తన యింటిపేరునే తలక్రిందులుగ త్రిప్పి పెట్టుకొన్న యొక పారిసు జోస్యుడు ఈ చీట్లతో ఫలములు చెప్పు విధానమును అచ్చువేసి వృత్తిగ నడిపెను. నేడు మన ఫోనులలో కనబడు బొమ్మలలో పెక్కింటికి మాతృక 1909లో లండనులో వెలువడినది. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ చెప్పగా పమేలా కోల్మన్ స్మిత్ అను చిత్రకారిణి వానిని వ్రాసెను. ఆమె చేయి మంచిది, బొమ్మలు చక్కనివి. బొమ్మలతో మాకు తగవు లేదు. ఆటకు అనాదితనము అంటగట్టి, చిత్రమునకు వాక్కు అంటగట్టి, శోకించువారికి అమ్ముటతోనే తగవు.

ఇక వాని అర్థము చూతము. ముప్పేట యను పద్ధతిలో మూడు చీట్లు వరుసగ తీయుదురు. గతము, వర్తమానము, భావి యని వానికి పేర్లు. 78 చీట్లలో మూడింటిని వరుసగ తీయుటకు 4,56,456 విధములు గలవు. వీనిలో ఏ విధము వచ్చినను చీట్లామె శోకించువారికి తగిన మాట చెప్పగలదు. మూడు గిన్నెలు ఒలికిపోయి రెండు నిలిచియున్న బొమ్మ వచ్చినచో “పోయినదానిని చూచుచున్నావు, మిగిలినదానిని చూడుము” అనును. మూడు కత్తులు గ్రుచ్చుకొన్న గుండె వచ్చినచో “నీ గాయము లోతైనది” అనును. సూర్యుని బొమ్మ వచ్చినచో “ఆయన వెలుగులో నున్నాడు” అనును. నాలుగున్నర లక్షల విధములలో ఏది వచ్చినను సరిపోవు మాట చీట్లనుండి వచ్చిన మాట కాదు. ఏ ప్రశ్నకైనను సరియైన జవాబే వ్రాసెనని ప్రతి విద్యార్థికిని నూటికి నూరు మార్కులు వేయు పరీక్షను మా బడిలో పరీక్ష యనరు.

1948లో అమెరికాలో బెర్‌ట్రాం ఫోరర్ అను మనశ్శాస్త్రోపాధ్యాయుడు తన 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, కొన్ని దినముల తరువాత ప్రతివారికిని “ఇది నీ స్వభావవర్ణనము” అని యొక కాగితమిచ్చి, ఎంతవరకు సరిపోయినదో 5కు మార్కులు వేయుమనెను. సరాసరి 4.26 వచ్చెను. అటుపై రహస్యము చెప్పెను: అందరి చేతులలోను ఉన్నది ఒకే కాగితము; అందలి వాక్యములు అంగడిలో అమ్ము జ్యోతిషపు పుస్తకమునుండి ఏరినవి. వారు దుఃఖములో లేరు, అవివేకులును కారు. అట్టివారే నమ్మినప్పుడు, మూడు రాత్రులు నిద్రలేని వితంతువు నమ్ముట వింతయా? “కడపట ఆయనకు చెప్పదలచిన మాటయొకటి నీవు చెప్పలేకపోతివి” అని చీట్లామె యనగానే వినువారి కన్నులు చెమ్మగిల్లును. చెప్పదలచిన మాట మిగిలిపోని మరణము లోకమున నెక్కడ నున్నది?

అన్నింటికంటె క్రూరమైనది 13వ చీటి. దానిపేరే మృత్యువు. తెల్లగుఱ్ఱముపై అస్థిపంజరము స్వారిచేయుచుండును. దానిని చూచి భయపడినవారితో చీట్లవారు ఒక్క గొంతుతో చెప్పుమాట: “భయపడకుడు, ఇది మరణము కాదు, మార్పు.” ఉద్యోగము మారవలెనని వచ్చిన యువకునికి ఈ మాట సరదాగ నుండవచ్చును. బిడ్డను పాడెమీద పంపి వచ్చిన తల్లితో మరణము మరణము కాదు, మార్పు అనుట పరామర్శ యగునా? శోకించువానికి మొట్టమొదట కావలసినది తనకు జరిగినది నిజముగ జరిగినదని మరియొక మనుష్యుడు ఒప్పుకొనుట. మన పల్లెలలో చదువులేని ముసలమ్మ యీ పని చక్కగ చేయును. వచ్చి, ప్రక్కన కూర్చుండి, “ఎంత పనాయె బిడ్డా” అని మెడపై చేయి వేయును. ఆమె అర్థము చెప్పదు. అర్థము లేదని తెలిసిన మనిషి ఆమె.

చదువుకొన్న మన సోదరీసోదరులు చిలుకజోస్యమును చూచి నవ్వుదురు. చిలుకను పట్టి పంజరమున పెట్టుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునుబట్టి నేరమనియు చెప్పుదురు. ఆ మాట నిజమే. కాని చిలుకవాడు పొట్టకూటికై యెండలో కూర్చుండి పది యిరువది రూపాయలకు ఆశపడు నిరుపేద. వాని చిలుక తీసినది చీటియే. ఈమె వ్రేళ్లు తీసినదియు చీటియే. ఒకదానిపై వేంకటేశ్వరుడున్నాడు, మరియొకదానిపై విదేశపు రాణి యున్నది. ఒకటి తెలుగున పాటగ చెప్పుదురు, మరియొకటి సగము ఇంగ్లీషు కలిపి “ఎనర్జీ” యని చెప్పుదురు. ఇంతమాత్రముచే మొదటిది మూఢనమ్మకమును రెండవది మనశ్శాస్త్రమును అగునా? చిలుకను విడిపించి, తాము పంజరమున దూరినవారిని సంస్కర్తలనవచ్చునా?

దీనిని సమర్థించువారి వాదములు మూడు వినుచున్నాము. వానిని దాటవేయము.

మొదటిది: “చీట్లు అద్దము మాత్రమే, బొమ్మను చూచి మన మనస్సులోనిది మనమే చెప్పుకొందుము.” ఇందు కొంత సత్యమున్నది. నోటరాని దుఃఖమునకు చిత్రమొక ఆలంబన మగుట మేమెరుగుదుము; పోయినవారి ఛాయాపటమును చూచి మాటలాడుటయు అట్టిదే. కాని అద్దమునకు చీట్లు కలుపుటతో పని యేమి? 78 బొమ్మలును బల్లపై వెల్లకిల పరచి, “నీ మనస్సునకు దగ్గరైనది నీవే యేరుకొనుము” అనుడు. అప్పుడది అద్దము. కలిపి, బోర్లించి, కన్నులు మూయించి, ఒకటి తీయించి, “ఇది నీకే వచ్చినది” అన్నప్పుడది అద్దము కాదు, ఆజ్ఞ. కలుపుట విడిచిన నాడు ఈ వ్యాపారము నిలువదు. నిలువదని చీట్లవారికి తెలియును.

రెండవది: “ఊరట కలుగుచున్నదిగదా, నష్టమేమి?” మంచి ఊరట తన యవసరమును తానే తగ్గించుకొనును. మంచి వైద్యుడు రోగిని తన గడపకు దూరము చేయును. చీట్ల ఊరట ఉప్పునీరు త్రాగి దాహము తీర్చుకొన్నట్టిది. ఈ వారము “ఆయన క్షేమము” అని చెప్పిన చీటి వచ్చువారము “ఆయనకు ఏదో వెలితి” అని చెప్పును. ఆ వెలితి తీర్చుటకు మరియొక ధర యుండును. దుఃఖించువారి చేతిలో ఆ దినములలో తరచుగ కొంత ధనముండును: బీమా డబ్బు, రైతుబీమా డబ్బు, ప్రభుత్వము ప్రకటించిన పరిహారము. 2018లో మొదలైన రైతుబీమాలో చనిపోయిన రైతు కుటుంబమునకు 5 లక్షల రూపాయలు నిర్ణయించిరి. అది పిల్లల చదువునకు, పొలముపై అప్పునకు ఉద్దేశించినది. సంస్కృతమున అర్థమను మాటకు భావమనియు ధనమనియు రెండు తాత్పర్యములు గలవు. మొదటి అర్థమును వెదకబోయి రెండవ అర్థమును పోగొట్టుకొను కుటుంబములు మన కన్నుల ముందున్నవి.

మూడవది: “మీ పిండములు, మీ మాసికములు మాత్రము నిరూపితములా?” ఇది న్యాయమైన ప్రశ్న. పిండము పోయినవారికి చేరునని మేము ఋజువు చేయజాలము. కాని 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరములందు బీచుపల్లిలోను, సోమశిలలోను, 2020 నవంబరులో తుంగభద్రా పుష్కరములందు అలంపురములోను రేవులలో నిలిచినవారు ఒక సంగతి చూచియుందురు. అక్కడ కర్తను పోయినవారి పేరు చెప్పుమందురు. తండ్రి, తాత, తల్లి, పిన్నతల్లి, స్నేహితుడు, ఇంట పనిచేసినవాడు, వరుసగ పేరుపేరున పలికింతురు. ఎవరును ఆ పేర్లకు జవాబు తెచ్చి యియ్యరు. పోయినవారు మాటలాడరు, ఉన్నవారే వారిని తలంతురు. చీట్లకును దీనికిని భేదమిదియే. ఇచట ఉన్నవాడు ఇచ్చుచున్నాడు. అచట ఉన్నవాడు అడుగుచున్నాడు. ఇచ్చినవాడు రేవునుండి లేచి యింటికి పోవును. అడుగువాడు ఎన్నటికిని లేవడు. ఈ కర్మలలో సయితము ఎక్కడ “మీవానికి ప్రేతత్వము పోలేదు, ఇంత చెల్లింపుడు” అని బెదరించుట యున్నదో, అక్కడ మేము చీట్లవానికన్న పురోహితుని తక్కువగ నిందింపము.

శోకమునకు సత్యముతో నెంత పని యున్నదో మన సీమ రెండుసార్లు చూచినది. 2013 అక్టోబరు 30వ తేదీ తెల్లవారుజామున కొత్తకోట దగ్గర పాలెమునొద్ద బెంగుళూరునుండి హైదరాబాదునకు పోవు బస్సు తగులబడి 45 మంది మరణించిరి. దేహములు గుర్తుపట్టరాకపోయెను. బంధువులు తమ రక్తపు నమూనాలిచ్చి, డి.ఎన్.ఏ. పరీక్షల ఫలితముకొరకు వేచియుండి, తమవారిని గుర్తించి తీసికొనిపోయిరి. ఆ నిరీక్షణ దుస్సహము. కాని పరీక్ష చెప్పిన మాట సత్యము, ఆ సత్యముపై వారు కర్మ చేయగలిగిరి, ఏడ్వగలిగిరి. 2025 ఫిబ్రవరి 22వ తేదీన నాగరుకర్నూలు జిల్లా దోమలపెంటయొద్ద శ్రీశైలము ఎడమగట్టు కాలువ సొరంగపు కప్పు కూలి 8 మంది లోపల చిక్కుకొనిరి. వారు జార్ఖండు, ఉత్తరప్రదేశము, పంజాబు, జమ్మూకాశ్మీరములనుండి పనికి వచ్చినవారు. మన పాలమూరు కూలి యితర సీమలకు పోయినట్లే వారు మన సీమకు వచ్చిరి. రెండు నెలల వెదకులాటలో ఇద్దరి దేహములు మాత్రమే దొరకినవి. దేహము చూడని భార్య యెట్లు నమ్మవలెను? ఎట్లు నమ్మకుండవలెను? అమెరికా విదుషి పాలీన్ బాస్ ఇట్టి నష్టమునకు తీరుతెన్ను తెలియని నష్టమని పేరుపెట్టి, దాని బాధ మామూలు వియోగబాధకంటె భిన్నమని వివరించెను. అట్టి యింటిలో ఎవరైనను చీట్లు పరచి “ఆయన బ్రదికియే యున్నాడు, తూర్పుదిక్కున” అన్నచో, దానిని ఊరట యనుటకు ఎవరి నోరాడును? “మాకు తెలియలేదు, వెదకుచున్నాము” అను నిజాయితీగల అధికారి మాట దానికన్న వేయిరెట్లు కరుణగలది.

శోకమునకు బలవంతముగ అర్థము కల్పించుటలో మరియొక యపాయమున్నది. “ఎందుకు పోయెను?” అను ప్రశ్నకు కారణము చెప్పి తీరవలెనని కూర్చున్నచో, “ఎవరు చేసిరి?” అను ప్రశ్న దాని వెంటనే వచ్చును. చీట్లవారు “మీ యింటిపై నెగెటివ్ ఎనర్జీ యున్నది, దగ్గరివారి దృష్టి తగిలినది” అని నాగరికముగ చెప్పుమాటయే పల్లెలో చేతబడి, బాణామతి యగును. ఆ యనుమానముతో తెలంగాణ గ్రామములలో మనుష్యులను కొట్టి చంపిన వార్తలు మనము పలుమార్లు వింటిమి. రెండింటి విత్తనము ఒక్కటే. ఫోనులో మొలచినదానిని తులసికోటలో పెట్టి పూజింపకుడు.

గద్వాల సీమ బిడ్డ సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో మనవారి ఆటలను, ఆచారములను, నమ్మకములను త్రవ్వి పరిశీలించిరి. జనుల నమ్మకమును తెలిసికొనుట వేరు, దానికి లొంగుట వేరు అని ఆయన వ్రాతలు మాకు నేర్పినవి. 1976లో 42వ సవరణచే రాజ్యాంగమున చేరిన 51-ఎ అధికరణము శాస్త్రీయ దృక్పథమును, దాని ప్రక్కనే మానవతను పెంపొందించుకొనుట పౌరుని కర్తవ్యమని చెప్పుచున్నది. మేము ఆ రెండవ మాటను మరల మరల చదువుదుము. మానవత లేని శాస్త్రదృష్టి శోకించు తల్లితో “నీ నమ్మకము తప్పు” అని చెప్పి లేచిపోవును. ఆమె మరల ఫోనే తెరచును.

కాళిదాసు రఘువంశమున ఎనిమిదవ సర్గలో ఇందుమతి పోగా అజుడు విలపించును. కులగురువు వసిష్ఠుడు శిష్యునిచే తత్త్వోపదేశము పంపును. ఆ మాటలు అజుని గుండెలో నిలువవు. అతడు పసివాడైన కుమారునికొరకు ఎనిమిది యేండ్లు గడుపును. మహాకవి అజునికి అర్థము దొరకినదని చెప్పలేదు. బిడ్డను పెంచవలసిన పని యున్నదని మాత్రము చెప్పినాడు. శోకమున అర్థము దొరకుట యనగా ఇదియేయని మా యభిప్రాయము. అది ఎక్కడనో దాగియుండి బయటపడునది కాదు. పోయినవారి పేరిట ఉన్నవారికి చేయు పనిలో మెల్లమెల్లగ నేసుకొనునది.

కావున చీట్లను నిందించి ఊరకుండుట చాలదు. మన మౌనపు సగమును దిద్దుకొనవలెను. మన పెద్దలు శోకమునకు ఒక యేడాది గడువు పెట్టిరి. నెలనెల మాసికము, ఏడాదికి సంవత్సరీకము. పరలోకపు మాట యెట్లున్నను, ఈ లోకమున అది మంచి పంచాంగము. పదకొండు దినములు కిక్కిరిసిన యిల్లు పండ్రెండవనాడు శూన్యమగును. అసలు బాధ ఆనాడు మొదలగును. ప్రతినెల ఆ తిథినాడు ఒక బంధువో, ఒక మిత్రుడో పోయి, కాఫీ త్రాగి, పోయినవాని పేరు పలికి, వాని ముచ్చట యొకటి చెప్పి రావలెను. పెత్తర అమావాస్యనాడు పెద్దలకు బియ్యమిచ్చు ఇండ్లలో, ఆనాడు పిల్లలను కూర్చుండబెట్టి ఆ పెద్దల కథ చెప్పవలెను.

అట్లే ఆచారమను పేరిట శోకమునకు క్రూరత్వము చేర్చుట మానవలెను. ధనిష్ఠాపంచకమున పోయినాడని యింటికి నెలల తరబడి తాళము వేయించి, పసిబిడ్డలతో వితంతువును పరుల పంచకు పంపుటకన్న నిర్దయ యేమున్నది? పదిమంది నడుమ ఆమె గాజులు పగులగొట్టి, బొట్టు తుడిచి, తరువాత ఏ శుభకార్యమునకును పిలువకుండుట ఏ ధర్మము? మన యింటి స్త్రీని మనమే గది మూలకు నెట్టి, ఆ మూలలో ఆమె ఫోను తెరచి చీట్లు చూచినదని కోపించుట న్యాయము కాదు. గాజుల చేతిని వెలికి నెట్టినవారే చీట్ల చేతికి అప్పగించిరి.

దుఃఖము నెలలు గడచినను తగ్గక, తిండి నిద్రలు మాని, చావవలెనను తలంపు కలుగుచున్నచో, అది వైద్యుని పని, సిగ్గుపడవలసినది కాదు. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ఆరంభించిన టెలి-మానస్ వారిని 14416 అను సంఖ్యకు ఫోనుచేసి ఉచితముగ సలహా పొందవచ్చును. వనపర్తి, నాగరుకర్నూలులలో 2022లోను, గద్వాలలో 2024లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వచ్చినవి. అచట శోకార్తులకొరకు వారమునకొక పూట కేటాయింపుమని అడుగుట మన హక్కు. చీట్లామెకు ఫోను చేయగల చేయి వైద్యునికి ఫోను చేయజాలదా?

బౌద్ధకథలో కిసాగోతమి యను తల్లి చచ్చిన బిడ్డను భుజమున వేసికొని మందుకొరకు వచ్చినప్పుడు, చావు లేని యింటినుండి ఆవాలు తెమ్మని బుద్ధుడామెను పంపెను. ఆమెకు ఆవాలు దొరకలేదు. ప్రతి గడపలోను తనవంటివారే కనబడిరి. బుద్ధుడు ఆమె చేతికి చీటి ఇయ్యలేదు, ఆమెను ఊరిలోనికి పంపినాడు. నేడు ఆమె మన యూరిలోనికి వచ్చినచో తలుపు తీయువారెవరు? తీసి, కూర్చుండబెట్టి, “నీ బిడ్డ పేరేమి తల్లీ, ఎట్లుండెడివాడు?” అని అడుగువారెవరు?

ఈ పుట ముగించుచున్న చదువరీ, గడచిన యేడాదిలో మీ వీధిలో చావు జరిగిన యిల్లేదో తలంచుకొనుము. పదకొండవనాటి తరువాత ఆ యింటికి నీవెన్నిసార్లు పోతివో లెక్కించుకొనుము. ఈ ఆదివారము పొమ్ము. ఏమి చెప్పవలెనో తోచనక్కరలేదు. పోయినవాని పేరు పలుకుము, చాలును.